లైల్ అమ్మిన తుపాకీ

మా అన్నయ్య ప్రాణం తీసిన తుపాకీని ఫైర్‌స్టేషన్ హాల్లో, ఊలు కోట్లకీ తగరపు నీళ్ళ బుడ్లకీ మధ్య, ఒక బల్లమీద చూశాను.

మంచు కరిగి రోడ్లు బురదగా ఉండే రోజుల్లో మా స్కోహరీ లోయలో పాత వస్తువుల సంత పెడతారు. నేను వెళ్ళింది పాత ఇత్తడి మడతబందుల కోసం. బీరువాలూ కుర్చీలూ బాగుచేసి మెరుగుపెట్టడం నా వృత్తి. తుపాకుల వైపు చూడకుండానే వెళ్ళిపోయేదాన్ని. కానీ ఒక తుపాకీ మడమ దగ్గర, భుజానికి ఆనించే కొసన, చెక్క అతుకు ఒకటి కంటపడింది. అది నా చేతి అతుకు. లైల్ బెలింజర్ ఒకసారి మా దళం విడిదిలో తుపాకీని రాతిమీద జారవిడిస్తే, విరిగినచోట వాల్‌నట్ చెక్క ముక్క పెట్టి నేనే అతికించి ఇచ్చాను. అప్పటికి మా అన్నయ్య రాయిస్ బతికే ఉన్నాడు.

"ఎక్కడిదండీ ఇది?" అని అడిగాను బల్ల వెనకున్న లావుపాటాయన్ని.

"కొండమీద ఒకాయన ఇంట్లో ఉన్నవన్నీ అమ్మేసుకుంటున్నాడమ్మా. ఊపిరితిత్తులు పాడైపోయాయట. పాతకాలపు అసలుది కాదులెండి, నకలే. ఇండియాలో చేసి ఓడమీద పంపిస్తారే, ఆ రకం."

"పేలుతుందా?"

"పేలకేం? ట్రిగ్గర్ చూడండి, వెన్నలా ఉంటుంది. సాయంత్రంలోపు ఏ కుర్రాడో ఎగరేసుకుపోతాడు."

ఆ మాట విన్నాక ఇంక ఆగలేకపోయాను. కొనేశాను. దుప్పటిలో చుట్టి, బండి వెనక సీట్లో పడుకోబెట్టి ఇంటికి తెచ్చాను. రంపంతో గొట్టాన్ని ముక్కలుగా కోసేసి పాత ఇనుములో పారేద్దామన్నదే అప్పటి నా ఆలోచన.

మా దళం సంగతి చెప్పాలి. వేసవి వచ్చిందంటే మేం పాతకాలపు కోట్లు తొడుక్కుని, చెకుముకి తుపాకులు పట్టుకుని, మా లోయలో ఒకప్పుడు జరిగిన పోరాటాలని జనం ముందు మళ్ళీ ఆడి చూపిస్తాం. తుపాకుల్లో మందు పోస్తాం, గుండు మాత్రం వెయ్యం. రాయిస్ మా సార్జెంట్. గట్టిమనిషి, గొంతు కూడా గట్టిది. ఇంటి వెనక కొట్టంలో దళంలో అందరి తుపాకులూ బాగుచేసేవాడు. లైల్ వాడికి చిన్నప్పటి స్నేహితుడు, స్కూలు బస్సు నడిపేవాడు.

తొమ్మిదేళ్ళ కిందట జూలైలో ఊరి మైదానంలో వరసగా నిలబడి కాల్చినప్పుడు లైల్ తుపాకీ పేలలేదు. అలా జరిగితే ఏం చెయ్యాలో మా అందరికీ నేర్పింది రాయిసే. చెకుముకి రాయిని దవడల్లో కరిచిపట్టుకునే గుర్రాన్ని సగం వరకే లాగి ఆపాలి. సగంలో అది ఒక గాటులో పడి ఆగుతుంది. అక్కడున్నంతసేపూ ట్రిగ్గర్ నొక్కినా కదలకూడదు. అలా ఆపి, చెయ్యెత్తి నిలబడాలి. లైల్ చెయ్యెత్తాడు. రాయిస్ వచ్చి గొట్టం పక్కనున్న బెజ్జాన్ని సూదితో పొడిచి శుభ్రం చేశాడు. కొత్త మందు చల్లాడు. ఈలోగా తుపాకీ మొన పక్కవాడి మీదికి వాలుతోందని, గొట్టాన్ని పట్టుకుని ఒక్క విసురున పైకి నెట్టాడు. అప్పుడు పేలింది. గుండు లేకపోయినా, జానెడు దూరంలో ఆ మంటా, మందు చుట్టిన కాగితపు ఉండా మనిషిని చంపడానికి చాలు. రాయిస్ మెడలో తగిలింది.

మైదానం గట్టున కూర్చున్న జనం అదీ ఆటే అనుకుని చప్పట్లు కొట్టారు. రాయిస్ కూతురు టెస్ కూడా ఆ గట్టుమీదే ఉంది.

"నా వేలు ట్రిగ్గర్ మీద లేదు. గుర్రం సగంలోనే ఉంది," అని లైల్ కనపడిన ప్రతివాళ్ళకీ చెప్పాడు. షెరీఫ్ మనుషులు తుపాకీ పట్టుకెళ్ళారు. గుర్రాన్ని సగంలో పెట్టి నొక్కి చూస్తే పడలేదు. ప్రమాదమని రాసి, తుపాకీ లైల్‌కి తిరిగిచ్చి, కేసు మూసేశారు. కానీ ఊరు మూయలేదు. ఆగాల్సిన చోట గుర్రం ఆగుతుంటే లైల్ అబద్ధమాడుతున్నట్టే కదా అన్నారు. ఆ మధ్యాహ్నం బీరు తాగాడని ఒకరు, తాగి ఊగాడని ఇంకొకరు చెప్పుకున్నారు. అలాంటివాడి బస్సులో పిల్లల్ని ఎక్కించేది లేదని తల్లిదండ్రులు పట్టుబడితే ఉద్యోగం పోయింది. భార్య ఎడ్నా ఒహాయోలో అక్క దగ్గరికని వెళ్ళి మళ్ళీ రాలేదు. లైల్ కొండమీద, చక్రాల మీద తెచ్చి నిలిపే ట్రెయిలర్ ఇల్లు ఒకటి చూసుకుని అక్కడే ఉండిపోయాడు.

తుపాకీ నా దగ్గరుందని వదినకి ఫోన్ చేసి చెప్పాను.

"తీసుకురా. పొయ్యిలో పెట్టి తగలేస్తాను," అంది నోరీన్.

"ఇనుము కాలదు వదినా."

"కాలినంత కాలనీ."

తీసుకొస్తానన్నాను. కానీ బల్లమీద పెట్టాక చేతులు ఊరుకోలేదు. ఎవరో దానిమీద చాక్లెట్ రంగు వార్నిష్ మందంగా పులిమారు, నా అతుకు దగ్గర మాత్రం పెచ్చులూడింది. కారిన చోట కారినట్టే గడ్డకట్టింది. ఇంత వికారంగా ఉన్నదాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, అది ఏ వస్తువైనా సరే. ఎలాగూ ముక్కలు చెయ్యాల్సిందే, విప్పి చేద్దాం అని నాకు నేనే చెప్పుకున్నాను. లోపల ఇంకో కోరిక కూడా ఉంది. అది ఎలా పనిచేస్తుందో చూడాలి. అబద్ధమాడింది మనిషా, తుపాకీయా?

మేకులు తట్టి తీసి గొట్టాన్ని విడదీశాను. దాని అడుగున ఆనాటి మసి అలాగే ఉంది. వేడినీళ్ళు పోస్తే ఇంకులా నల్లగా కారింది. ఆ నీళ్ళని సింకులో పొయ్యబుద్ధి కాక బయట రాళ్ళమీద పారబోశాను. వార్నిష్‌కి మందు పూసి, మెత్తబడ్డాక ఉక్కురేకుతో గీకాను. పొరలు పొరలుగా ఊడింది. లోపలి టేకు చక్కటిది, తేనెరంగు. దాన్ని అంత మురికి కింద ఎందుకు దాచారో తెలీదు. తడిగుడ్డతో తుడిచి, చెక్క పీచు నూగులా లేచాక ఎండబెట్టి, మళ్ళీ గరుకు కాగితంతో రుద్దాను. మర్నాడూ అదే పని. ఆ రెండు రోజులూ నాకు రాయిస్ గుర్తు రాలేదు. పనిలో పడితే నేను అంతే.

తరవాత లోపలి యంత్రాన్ని విప్పాను.

గుర్రం ఇరుసుమీద తిరిగే చక్రంలాంటి ముక్క ఒకటుంటుంది. దాని అంచున రెండు గాట్లు. సగంలో ఆపే గాటు లోతుగా ఉండాలి, పైన పెదవిలాంటి అంచు లోపలికి వంగి ఉండాలి. లోపలి కొక్కెం దాంట్లో ఇరుక్కుంటే దెబ్బ తగిలినా బయటికి రాకూడదు. దీంట్లో ఆ పెదవి లేదు. ఒక మూల మాత్రం గోరంత మిగిలింది. మెల్లగా ట్రిగ్గర్ నొక్కితే కొక్కెం ఆ గోరంత అంచుకి తట్టుకుని ఆగుతుంది. షెరీఫ్ మనుషులకి ఆగింది అందుకే. కుదుపు తగిలితే జారిపోతుంది.

అరిగిపోయిందేమో అనుకుని దీపం దగ్గరికి లాక్కుని భూతద్దంలో చూశాను. అరిగిన ఇనుము గుండ్రంగా, నున్నగా ఉంటుంది. ఇది బల్లపరుపుగా ఉంది. ఆకురాయి గీతలు ఒకేవైపుకి వరసగా ఉన్నాయి. ఆ గీతల మధ్య ప్రతిచోటా ఒకే దూరంలో ఒక లోతైన గాయం.

ఆ గాయం నాకు తెలుసు. రాయిస్ పోయాక వాడి పనిముట్ల పెట్టె నోరీన్ నాకే ఇచ్చింది. అందులో ఒక పన్ను విరిగిన సన్న ఆకురాయి ఉంది. మా నాన్నది. పారెయ్యి అంటే రాయిస్ వినేవాడు కాదు. పెట్టె తెరిచి ఆ ఆకురాయి తీసి, ఇత్తడి తునకమీద నాలుగుసార్లు రుద్దాను. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. అదే గీత, అదే దూరం.

రాయిస్ మాట చెవిలో వినపడింది. కొత్తలో లైల్ తుపాకీ ట్రిగ్గర్ మహా బిగువుగా ఉండేది. అందరికన్నా వెనకగా పేలుతోందని వరసలో అందరూ నవ్వేవాళ్ళు. "ఇటివ్వరా, నీ గాడిదని దారిలో పెడతాను," అని రాయిస్ పట్టుకెళ్ళాడు. ట్రిగ్గర్ తేలిక చెయ్యాలంటే రుద్దాల్సింది రెండో గాటుని. మొదటిదాన్ని ముట్టుకోకూడదు. వాడు రెంటినీ రుద్దేశాడు.

యంత్రాన్నీ గొట్టాన్నీ మళ్ళీ బిగించి, గుర్రాన్ని సగంలో పెట్టి, అరచేత్తో గొట్టం మీద కొట్టాను. పడలేదు. రాయిస్ నెట్టినట్టు ఒక్క విసురు విసిరాను. టక్కున పడింది.

ఏడుపు రాలేదు. దళంలో రాయిస్ చెయ్యి పడని తుపాకులు ఎన్ని ఉన్నాయా అని ఆలోచిస్తే ఒక్కటీ గుర్తు రాలేదు. అప్పుడు భయం పట్టుకుంది.

మర్నాడు నోరీన్ దగ్గరికి వెళ్ళాను. వంటింట్లో నిలబడి, పై అనే తీపి రొట్టె కోసం ఆపిల్ పళ్ళు తరుగుతోంది.

"తగలేస్తానంటే సానబెడుతున్నావట. కెప్టెన్ ఎమరీ భార్య చెప్పింది," అంది తల తిప్పకుండా.

"వదినా, కాస్త కూర్చో."

"నిలబడే వింటాను. చెప్పు."

చెప్పాను. యంత్రాన్నీ, ఇత్తడి తునకనీ బల్లమీద పెట్టాను. ఆమె వాటిని చూడలేదు. కత్తి మాత్రం ఆగింది.

"అంటే నా మొగుడు తన చావు తనే తెచ్చుకున్నాడంటావు."

"తెలిసి చేశాడనడం లేదు."

"తెలిసి చేసినా తెలీక చేసినా పోయింది ఆయనేగా. మట్టిలో ఉన్నవాణ్ణి లేపి బోనెక్కించాలా?"

"మరి లైల్ సంగతి?"

"లైల్ బతికే ఉన్నాడుగా."

యంత్రాన్ని ఆమె ముందుకి జరిపాను. "లైల్ సంగతి పక్కన పెట్టు. ఎమరీ తుపాకీ కూడా అన్నయ్యే రుద్దాడు. డ్వైట్‌ది, మిగతావాళ్ళవి కూడా. ఇంకొన్నాళ్ళలో వాటిని పట్టుకుని మైదానంలోకి దిగుతారు."

నోరీన్ చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఉంది. "ఎమరీ చెవిన వెయ్యి. గుట్టుగా మార్పించుకోమను. రాయిస్ పేరు మాత్రం ఎత్తకు."

"ఎందుకు మార్చాలని అడగరా?"

"పాతబడ్డాయని చెప్పు. ఒక్క అబద్ధం ఆడితే నీ నోరేం పడిపోదు. నా కూతురు వాళ్ళ నాన్న ఫొటో మంచం పక్కన పెట్టుకుని పడుకుంటుంది, విన్నీ. దానికి నువ్వు చెబుతావా ఇది? నేను చెప్పాలా?"

"పాతబడ్డాయంటే సగంమంది నవ్వి ఊరుకుంటారు వదినా. మార్చుకోరు."

"అయితే ఇంక నువ్వు మా ఇంటికి రావక్కర్లేదు," అంది. మళ్ళీ కత్తి పట్టుకుంది.

అక్కణ్ణించి కొండమీదికి వెళ్ళాను. లైల్ ట్రెయిలర్ ముందు పోయినేటి గడ్డి మోకాలెత్తున ఎండిపోయి ఉంది. తలుపు తట్టాను.

"తీసే ఉంది. తోసుకుని రా," అని వినపడింది.

ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. సగమైపోయాడు మనిషి. నన్ను చూసి, నా చేతిలోని మూట చూశాడు.

"నువ్వే కొన్నావని విన్నాను. తెచ్చావా? కాల్చడానికైతే దగ్గరికొచ్చి కాల్చు, గురి తప్పుతావు," అన్నాడు. "ఒక్క దెబ్బకి పోతే సుఖం. ఈ ఊపిరితిత్తులు నన్ను వాయిదాల మీద చంపుతున్నాయి."

"కాల్చడానికి రాలేదు లైల్. ఒకటి చూపించాలి."

మూట విప్పి మొత్తం చెప్పాను. అయ్యాక అడ్డంగా తలూపాడు.

"కాదు. నేనే నొక్కాను."

"నొక్కలేదని నువ్వే కదా అందరికీ చెప్పావు."

"చెప్పాను. మొదట్లో చెప్పాను. అందరూ నొక్కావన్నారు. ఇంతమంది ఒకటే మాట అంటుంటే అబద్ధం ఎలా అవుతుందనిపించింది. తరవాత్తరవాత పడుకుంటే ఈ వేలికి చల్లగా తగిలేది, ఇనుము. ఇదిగో, ఇక్కడ. నొక్కినట్టు నాకు గుర్తుంది విన్నీ. స్పష్టంగా గుర్తుంది."

యంత్రాన్ని వాడి ఒళ్ళో పెట్టాను. "గుర్రాన్ని సగం లాగు. ట్రిగ్గర్ జోలికి పోకు. అరచేత్తో గట్టిగా కొట్టు."

లాగాడు. కొట్టాడు. ఏమీ కాలేదు. నా వైపు చూశాడు. మళ్ళీ కొట్టాడు. టక్‌మని పడింది. లాగి మళ్ళీ కొట్టాడు. పడింది. ఊపిరి అందక రొప్పుతున్నా ఆపలేదు. లాగడం, కొట్టడం. చివరికి నేనే వాడి చెయ్యి పట్టుకుని ఆపాను.

"దీన్ని ఎందుకు విప్పావు నువ్వు?" అన్నాడు. గొంతులో కోపం ఉంది. "నేనే చేశానని ఒప్పుకున్నాక కాస్త నిద్రపట్టడం మొదలైంది. దాన్ని కూడా పట్టుకుపోదామని వచ్చావా? బస్సు పోయింది, ఎడ్నా పోయింది, పోనీలే, చేసినదానికి అనుభవిస్తున్నాననుకున్నాను. ఇప్పుడు చెయ్యలేదంటున్నావు. మరి ఇదంతా దేనికి అనుభవించినట్టు?"

జారిన ఆక్సిజన్ గొట్టాన్ని వాడి ముక్కుకి సర్దాను.

"ట్రిగ్గర్ బాగుచేసినందుకు వాడికి ఒక సీసాడు మేపుల్ పాకం ఇచ్చాను," అన్నాడు. "ఇంట్లో కాచింది. వద్దురా అంటే బలవంతంగా చేతిలో పెట్టాను."

యంత్రాన్ని నా చేతికిచ్చి అడిగాడు. "ఎమరీ తుపాకీ?"

"అన్నయ్యే చేశాడు."

"మరి నువ్విక్కడ కూర్చుని ఏం చేస్తున్నావు? వెళ్ళి చెప్పు. నాకోసమని కాదు, నా పేరెత్తకపోయినా ఫర్వాలేదు. ఇంకొకడు ఈ కుర్చీలో కూర్చోకూడదు."

దళం వసంతకాలపు సమావేశం ఆ శనివారమే. ముందు భోజనాలు, చికెనూ రొట్టెలూ, తరవాత లెక్కలూ తగవులూ. తుపాకులు శుభ్రం చేసుకునేది కూడా ఆ రోజే కనక అందరూ వాటిని తెచ్చారు. కాఫీ పాత్ర దగ్గర నోరీన్ ఉంది. నన్ను చూసీ చూడనట్టు కప్పులు సర్దుతోంది. కెప్టెన్ ఎమరీ డాక్‌స్టేడర్ "ఇంకేమైనా ఉన్నాయా?" అనగానే నేను లేచాను. మొత్తం చెప్పాను, రాయిస్ పేరుతో సహా. యంత్రాన్ని చేతులు మారుతూ చూడమని పంపాను.

మొదట నోరు తెరిచింది డ్వైట్. "చచ్చిపోయినవాడు లేచొచ్చి జవాబు చెప్పుకోలేడు కదా విన్నీ. సొంత అన్న. లైల్ నీకేమైనా ముట్టజెప్పాడా?"

"డ్వైట్, కూర్చోరా," అన్నాడు ఎమరీ.

"ఎందుకు కూర్చోవాలి? రాయిస్ నా పెళ్ళికి తోడుపెళ్ళికొడుకు."

ఎమరీ గోడకి ఆనించిన తన తుపాకీ తీసుకున్నాడు. గొట్టంలోకి కడ్డీ దింపి, ఖాళీ అని అందరికీ చూపించాడు. గుర్రాన్ని సగం లాగి, వేళ్ళు దూరంగా పెట్టి, మడమని నేలమీద గట్టిగా పొడిచాడు. గుర్రం పడింది. రాయి ఉక్కుకి తగిలి రెండు నిప్పురవ్వలు రాలాయి.

మిగతావాళ్ళు ఒకరొకరుగా లేచారు. కడ్డీలు దింపుతున్న చప్పుడు, నేలమీద మడమలు పొడుస్తున్న చప్పుడు. కొన్ని ఆగాయి. చాలావరకు ఆగలేదు. పడిన ప్రతిసారీ ఆ తుపాకీవాడు పక్కనున్నవాడి ముఖంలోకి చూసేవాడు.

"నీది కూడా కొట్టి చూడు," అంది డ్వైట్ భార్య.

"నాది బాగానే ఉంది."

"బాగుంటే చూడ్డానికేం? పోయిన వేసవిలో మన పిల్లాడు నీ ముందు వరసలో నిలబడ్డాడు. కొట్టు."

డ్వైట్ కొట్టాడు. పడింది. తుపాకీని బల్లమీద పెట్టి, కుర్చీలో కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. వాడి మీద నాకు కోపం రాలేదు. రాయిస్‌ని వాడూ నాలాగే ప్రేమించాడు.

అటు చూసేసరికి కాఫీ పాత్ర దగ్గర ఎవరూ లేరు. నోరీన్ ఏప్రన్ మడిచి బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆ వేసవి మా దళం మైదానంలోకి దిగలేదు. యంత్రాలన్నీ విప్పి పక్క లోయలోని కమ్మరి దగ్గరికి పంపాం. లైల్ తుపాకీ యంత్రాన్ని ఎమరీ అడిగి తీసుకున్నాడు, కొత్తగా చేరేవాళ్ళకి చూపించడానికి. డ్వైట్, ఎమరీ కలిసి క్షమించమని అడగడానికి కొండమీదికి వెళ్ళారు. లైల్ వాళ్ళని కూర్చోమనలేదు. చెప్పిందంతా విని, "సరే," అన్నాడట. వాళ్ళు పట్టుకెళ్ళిన పై అలాగే వెనక్కి తెచ్చుకున్నారు. ఊళ్ళో కొందరు ఇప్పటికీ నేను డబ్బు తీసుకున్నానంటారు. ఇంకొందరు లైల్ మంచివాడని మాకు ముందే తెలుసంటారు. ఈ రెండో రకం వాళ్ళని చూస్తే నాకు ఇంకా చిరాకు.

నేను ఆ కొయ్యకి లిన్‌సీడ్ నూనె పట్టించడం పూర్తిచేశాను. అరచేత్తో రుద్ది, ఆరబెట్టి, మళ్ళీ రుద్ది. సగం చేసిన పని వదిలెయ్యడం నాకు చేతకాదు. గొట్టాన్ని మొన నుంచి మూలం వరకూ మెరిసేలా తోమి, బెజ్జాన్ని సీసంతో పూడ్చేశాను. సెప్టెంబరులో దాన్ని లైల్‌కి చూపించాను. కొయ్య పొడుగునా చెయ్యి పోనిచ్చాడు. నా అతుకు దగ్గర వేలు ఆగింది.

"బాగా చేశావు. నా దగ్గరున్నప్పుడు ఇలా ఎప్పుడూ లేదు," అన్నాడు. "తీసుకెళ్ళు. ఇంట్లో ఉంటే నిద్రపట్టదు."

ఇప్పుడు పడుతోందా అని అడగలేదు. పట్టడం లేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

ఆకులు రాలాక లైల్‌ని ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళేదాన్ని, వేరే ఎవరూ లేరు కనక. దారిలో రాయిస్ మాట ఎప్పుడూ ఎత్తలేదు. మలుపుల దగ్గర నేను బ్రేకు ఆలస్యంగా వేస్తానని తిట్టేవాడు. బస్సు రూటులో ఏ ఇంటి పిల్లలు ఏ రోజు ఏడ్చేవాళ్ళో, ఏ కుక్క బస్సు వెంట పరిగెత్తేదో చెప్పేవాడు. ఆ పిల్లలకి ఇప్పుడు గడ్డాలొచ్చాయి. వాళ్ళలో ఒకడు ఆసుపత్రి తలుపు దగ్గర ఎదురై తల దించుకుని పక్కకి తప్పుకున్నాడు. లైల్ వాణ్ణి పేరు పెట్టి పలకరించాడు. వాడు ఆగలేదు.

మొదటి మంచు పడినవారం లైల్ పోయాడు. ఖననానికి ఎమరీ, డ్వైట్, పాత బస్సు డ్రైవర్లు కొందరు వచ్చారు. మామూలు బట్టల్లోనే వచ్చారు. తుపాకులు పేల్చి వీడ్కోలు చెబుదామా అని ఎవరూ అనలేదు. ఎడ్నా ఒహాయో నుంచి పూలు పంపింది. నేల గట్టిపడి గొయ్యి తవ్వడం కష్టమైందని శ్మశానం మనిషి గొణిగాడు. పాస్టరు త్వరగా ముగించాడు.

జనం బండ్ల వైపు నడుస్తుండగా చెట్ల కింద టెస్ కనపడింది. ఎప్పుడొచ్చిందో తెలీదు. కాలేజీ కోటు తొడుక్కుని, టోపీ కళ్ళమీదికి లాక్కుని ఉంది. సమావేశం అయినప్పటినుంచి ఆ పిల్ల నాతో మాట్లాడలేదు. గొయ్యి దగ్గరికి వచ్చి, గడ్డకట్టిన మట్టి ముక్క ఒకటి గోళ్ళతో పెకలించి లోపల వేసింది.

"అత్తా," అంది. "నాన్నకి తెలుసా? అది సరిగ్గా చెయ్యలేదని?"

"తెలీదు. బాగా చేశాననే అనుకున్నాడు."

"ఖచ్చితంగా?"

"తెలిసుంటే ఆ తుపాకీ ముందు నిలబడేవాడు కాదు."

ముక్కు ఎర్రబడింది, చలికో ఏడుపుకో.

"ఆయన బస్సులో నేను ముందు సీట్లో కూర్చునేదాన్ని. నాన్న పోయాక ఒకసారి రోడ్డుమీద కనపడితే ఆయన మీద రాయి విసిరాను. తగిలింది. ఆయన ఏమీ అనలేదు," అంది. నేను దగ్గరికి తీసుకోబోతే ఒక అడుగు వెనక్కి వేసింది. "నేనిక్కడికి వచ్చానని అమ్మకి చెప్పకు."

చెప్పనన్నాను.